తన ఈలలు తానే లెక్కపెట్టుకున్న సునిల్దా

సునిల్దా ఒవేలార్ మా లీగులో మొదటిసారి ఈల ఊదిన రోజున ఎడమ వైపు గీత మీద జెండా పట్టుకుని నిలబడ్డది నేనే. ఆ తర్వాత పదకొండేళ్ళు, దాదాపు ప్రతి ఆదివారం, అదే గీత మీద నిలబడ్డాను. ఆమె గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని అనుకుంటాను, వాళ్ళమ్మ న్యా బ్లాసిదాకి తప్ప. ఆవిడ ఒక్క ఆట కూడా చూడలేదు. కాబట్టి ఆవిడకు తెలిసిన సునిల్దా వేరు.

నా పేరు ఎస్తానిస్లావో. ఊళ్ళో అందరికీ తనీని. సాంతా రుఫీనాలో బస్సులు ఆగే చోటుకి ఎదురుగా ఉన్న సెలూన్ నాది. వారమంతా కత్తెర, ఆదివారం జెండా. ఫుట్‌బాల్ ఆడటానికి కాళ్ళు చాలనివాడు రిఫరీ అవుతాడనీ, రిఫరీకి కూడా చాలనివాడు జెండా పడతాడనీ మా వాళ్ళు ఎగతాళి చేస్తారు. నా విషయంలో అది నిజమే.

సునిల్దా విషయం వేరు. పొట్టి మనిషి, గట్టి పిక్కలు, మాట తక్కువ. టీలా నానబెట్టి తాగే మాతే ఆకు మిల్లులో, ఆరబెట్టే విభాగంలో ఉద్యోగం. గంటకోసారి డ్రమ్ములోంచి గుప్పెడు ఆకు తీసి, తూచి, వేడి చేసి, మళ్ళీ తూచి, అందులో తడి ఎంతుందో కంప్యూటర్లో షీటులో ఎక్కించాలి. ఆ అంకెలన్నీ కలిపితే తెర మీద ఒక గీత వస్తుంది. గీత పైకి పోతోందంటే గోదాములో ఆకు బూజు పడుతుంది. కిందికి దిగుతోందంటే మాడుతుంది. కొలిమి దగ్గరి మనిషికి ఏ వాసనా తగలకముందే సునిల్దా ఫోను వెళ్ళేది: "అన్నా, రెండు కట్టెలు తగ్గించు." అతను విసుక్కుంటూనే తగ్గించేవాడు, ఎందుకంటే ఆమె మాట తప్పిన రోజు లేదు.

మైదానంలో మా ఆటగాళ్ళు రిఫరీని టీచరు అని పిలుస్తారు. మగ రిఫరీ అయితే మాస్టారు. పొగిడినా అదే మాట, తిట్టినా అదే మాట. సునిల్దా చేరిన కొత్తలో "టీచరమ్మా, ఇంటికెళ్ళి వంట చూసుకోండి" అని గ్యాలరీలోంచి అరిచేవాళ్ళు. ఆమె అటు తల కూడా తిప్పేది కాదు. గురువారం సాయంత్రాలు మేమంతా మునిసిపాలిటీ ఆఫీసు వెనక పరుగులు తీసి, చెమట ఆరేదాకా చెట్టు కింద కూర్చుంటాం. అక్కడ కొత్తవాళ్ళు ఎవరైనా జనం గోల గురించి వాపోతే ఆమె ఒకటే మాట అనేది: "గ్యాలరీలో ఉన్నది గాలి. గాలికి నేను భయపడను."

మూడేళ్ళు అలా గడిచాయి. నాలుగో ఏడాది మొదట్లో, ఒక ఆదివారం ఆట ప్రసారం చేస్తున్న ఊరి రేడియో అతను ఒక మాట అన్నాడు. "డెబ్బయ్యో నిమిషం దాటింది శ్రోతలారా, ఇక టీచరమ్మ గారి బ్యాటరీ అయిపోయే వేళ." మర్నాడు నా సెలూన్లో అదే మాట చెప్పుకుని నవ్వని వాడు లేడు. నేను ఆమెకి చెప్పలేదు. ఎవరో చెప్పారు. సాయంత్రం మిల్లు నుంచి నేరుగా నా కొట్టుకి వచ్చి నిలబడింది.

"దోన్ తనీ, ఆ మాట నిజమేనా?"

"ఏ మాట?"

"తెలియనట్టు మాట్లాడకండి. బ్యాటరీ మాట."

"రేడియో వాడికి నోరే కదమ్మా బతుకుతెరువు. పట్టించుకోకు."

"పట్టించుకోను. వాడు చెప్పింది తప్పని చూపిస్తాను, అంతే."

ప్రతి క్లబ్బులోనూ ఎవరో ఒకరు గ్యాలరీ మీంచి ఆటంతా ఫోన్లో తీసి పెడుతుంటారు. సునిల్దా సోమవారం సోమవారం పని అయ్యాక ఆ వీడియో ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. తాను ఈల ఊదిన ప్రతి చోటా ఆపి, వెనక్కి తిప్పి చూసేది. ఊదాల్సి ఉండీ ఊదని చోట్లు కూడా. మిల్లులో ఆకుకి చేసినట్టే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఒక్కో నిర్ణయానికి ఒక్కో వరస కేటాయించింది. ఏ నిమిషం, ఏ జట్టు మీద, మైదానంలో ఏ మూల, సరైనదా తప్పా. ఆటకి ముప్పై నలభై వరసలు. ఒక్క ఆట ఎక్కించడానికి మూడు గంటలు పట్టేది.

రెండు నెలలయ్యాక ఒక రోజు వాళ్ళింటి పెరట్లో కూర్చుని తెరెరే, అదే చల్లనీళ్ళు పోసిన మాతే, తాగుతున్నాం. ఐసు నీళ్ళు పోసి కొమ్ముకప్పు నా చేతికిచ్చి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. ఆటలో పదిహేను నిమిషాలకొకటి చొప్పున, ఆమె తప్పులు చూపే ఆరు నిలువు పట్టీలు. మొదటి నాలుగూ పొట్టిగా ఉన్నాయి. అయిదోది కొంచెం లేచింది. ఆరోది వాటి పక్కన చర్చి గంటస్తంభంలా నిలబడింది.

"వాడు చెప్పింది తప్పు కాదు, దోన్ తనీ," అంది.

ఆమె కప్పు కోసం చెయ్యి చాపింది. నేను గొట్టం పీల్చి ఖాళీ చేసి ఇచ్చేశాను. ఆ సంగతి అంతటితో అయిపోయింది. మర్నాటి నుంచి తెల్లారకముందే లేచి, పరానా నది దాకా పోయే ఎర్రమట్టి రోడ్డు మీద పరుగు. వర్షం పడి ఆ మట్టి బూట్లకి ఇటుకల్లా అంటుకున్న రోజుల్లో కూడా. ఏడాది చివరికి ఆరో పట్టీ అయిదోదానితో సమానమైంది. రేడియో అతను వేరే హాస్యం వెతుక్కున్నాడు.

అక్కడితో ఆపి ఉంటే అందరూ హాయిగా ఉండేవాళ్ళం. కానీ లెక్క రాయడం అలవాటైన మనిషికి ఇంకో గడి చేర్చబుద్ధవుతుంది. లెక్క మొదలుపెట్టిన రెండో ఏడాది ఆమె ఎండ ఎంత, వాన ఉందా, జనం ఎంతమంది, సొంత మైదానం ఎవరిది అని గడులు పెంచుకుంటూ పోయింది. ఆ సీజను అయిపోయి, కొత్త సీజను ఇంకో నెలలో ఉందనగా ఫిబ్రవరిలో నన్ను పిలిచింది. వెళ్ళేసరికి తెరెరే లేదు. ఐసు కరిగిపోయి కూజా ఊరికే ఉంది.

"ఇది చదవండి. నేను సరిగ్గా చూస్తున్నానో లేదో చెప్పండి."

రెండు సీజన్లలో యాభై ఒక్క ఆటలు. ఫౌళ్ళ విషయంలో ఆమె చేసిన తప్పులు నూట ముప్పై ఆరు. అందులో సొంత మైదానం వాళ్ళకి మేలు చేసినవి తొంభై మూడు. బయట ఊరి నుంచి వచ్చిన జట్టుకి మేలు చేసినవి నలభై మూడు.

"ఏదో అలా కుదిరి ఉంటుంది," అన్నాను.

"నేనూ అలాగే అనుకున్నాను. కింద చూడండి."

జనం పల్చగా ఉన్న ఆటల్ని వేరు చేసింది. వాటిలో ఇరవై, పంతొమ్మిది. దాదాపు సమానం. గ్యాలరీ నిండిన ఆటల్లో డెబ్బై మూడు, ఇరవై నాలుగు. నిండిన మైదానాల్లో బయటి జట్టుకి ఇవ్వాల్సిన పెనాల్టీలు వీడియోల్లో పదమూడు కనిపిస్తున్నాయి. ఆమె ఇచ్చినవి నాలుగు. అడుగున మిల్లులో లాగే ఒక గీత గీసింది, అది మధ్యలో నిలవకుండా సొంత మైదానం వైపుకి ఒరిగిపోయి ఉంది.

పెరట్లో కోళ్ళు మట్టి గీకుతున్నాయి. లోపల న్యా బ్లాసిదా చీపా రొట్టెలకి పిండి పిసుకుతోంది, బల్ల కిర్రుమంటోంది.

"గాలి అన్నాను కదా, దోన్ తనీ," అంది చివరికి. "అందరి ముందూ అన్నాను. ఎన్నిసార్లన్నానో."

"ప్రతి రిఫరీకీ ఇంతే ఉంటుందమ్మా. రాసుకోరు గనక తెలియదు. నాకూ ఇంతే ఉంటుంది."

"మీది నాకు తెలియదు. నాది తెలిసింది."

ఆ గురువారం చెట్టు కింద ఆ మాట అందరికీ చెప్పింది. కాగితం మీద అచ్చు తీసి మరీ తెచ్చింది. మా రిఫరీల సంఘానికి పెద్ద దోన్ క్రెసెన్సియో. ఇరవై రెండేళ్ళు ఈల ఊదినవాడు, పెద్ద మీసాలు, పెద్ద గొంతు. ఆయన కాగితం తీసుకుని, కళ్ళజోడు వెతుక్కుని చదివేలోపల విల్‌ఫ్రీదో మాట అందుకున్నాడు. కుడి వైపు జెండా అతనిదే.

"సూనీ, నాకూ ఇలాంటి గీత ఒకటి గీసిపెట్టవే. మా ఆవిడ ముందు ఏ నిమిషం నుంచి తప్పులు చేస్తున్నానో తేలుతుంది."

"నీకు గీత ఎందుకురా, మొదటి నిమిషం నుంచే," అన్నాడు ఇంకొకడు. అందరూ పడి పడి నవ్వారు. సునిల్దా కూడా కొంచెం నవ్వింది.

దోన్ క్రెసెన్సియో నవ్వలేదు. "ఇది ఇంకెవరికైనా చూపించావా అమ్మాయ్?"

"దోన్ తనీకి."

"ఆయన సరే. ఇంక ఎవరికీ చూపించకు. కంప్యూటర్లోంచి కూడా తీసెయ్."

"ఎందుకండీ?"

"ఎందుకా? ఓడిపోయిన ప్రతి క్లబ్బూ ఈ కాగితం పట్టుకుని నా గుమ్మం ముందు కూర్చుంటుంది. రెండేళ్ళ ఆటలన్నీ మళ్ళీ ఆడించమంటారు. ఆడిస్తావా?"

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. సునిల్దా కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "క్లబ్బులకి ఇవ్వను. తీసెయ్యడం మాత్రం నా వల్ల కాదు. ఒక్క మనిషికి మాత్రం చెప్పాలి."

ఆ మనిషి ఎవరో నాకు అప్పుడే తెలిసిపోయింది. ముందు ఏడాది అక్టోబరులో, పక్క ఊరు ఇతా పోరా జట్టు మా ఊరి రేవు పేట జట్టుతో వాళ్ళ మైదానంలోనే కప్పు సెమీఫైనల్ ఆడింది. వాళ్ళ కెప్టెన్ ఎలాదియో ఇటుక బట్టీ పనివాడు. గోలు ముందు అతన్ని వెనకనుంచి తన్ని పడేశారు. సునిల్దా ఈల ఊదలేదు. అతను లేచి ఆమె ముఖంలో ముఖం పెట్టి, "టీచరమ్మా, మీ ఈలకి ఒక చెవే ఉందా? రేవు వాళ్ళు అరిస్తేనే మోగుతుందా?" అన్నాడు. ఎర్రకార్డు. ఇతా పోరా ఒక్క గోలు తేడాతో ఓడింది. ఆ ఏడాది లీగులో మిగిలిన నాలుగు ఆటలకీ అతన్ని ఆపేశారు.

శనివారం మధ్యాహ్నం నా మోటారు సైకిలు మీద ఇద్దరం ఇతా పోరా వెళ్ళాం. పదిహేను కిలోమీటర్ల దారి. ఎలాదియో బట్టీ దగ్గర పచ్చి ఇటుకలు పేరుస్తున్నాడు. మోచేతుల దాకా బురద. మమ్మల్ని చూసి చేతిలో ఇటుక కింద పెట్టలేదు.

"ఏంటి టీచరమ్మా, ఇక్కడ కూడా కార్డు ఇస్తారా?"

"అక్టోబరులో నీ మీద జరిగింది ఫౌలు. పెనాల్టీ ఇవ్వాల్సింది. నేను ఇవ్వలేదు," అంది సునిల్దా. "వీడియోలో ఆరుసార్లు చూశాను. నీకు ఎర్రకార్డు ఇచ్చింది మాత్రం సరైనదే. నువ్వు నన్ను అలా అనకూడదు. కానీ నువ్వు అన్నది అబద్ధం కాదు."

ఎలాదియో ఆమెని చూశాడు, నన్ను చూశాడు.

"అయితే ఇప్పుడు ఆ సెమీఫైనల్ తిరిగి ఇచ్చేస్తారా?"

"అది నా చేతుల్లో లేదు."

"మరి దేనికొచ్చారు ఇంత ఎండలో?"

"చెప్పడానికి."

అతను ఇటుక పెట్టేశాడు. బట్టీ వెనక్కి తిరిగి "ఒరేయ్, ఎవడైనా ఐసు తెండి!" అని అరిచాడు. నీడలో కూర్చోబెట్టి తెరెరే ఇచ్చాడు. ఆ సంవత్సరం వానల గురించి, ఇటుకలు ఆరకపోవడం గురించి మాట్లాడాడు. ఆకు ఆరబెట్టడానికీ ఇటుక ఆరబెట్టడానికీ తేడా ఏమిటని సునిల్దా అడిగితే అరగంట చెప్పాడు. వచ్చేటప్పుడు మాత్రం, నేను బండి స్టార్టు చేస్తుంటే, "నాలుగు ఆటలు, టీచరమ్మా," అన్నాడు. "మా నాన్న చనిపోయిన ఏడాది అది. నా ఆట చూడాలని ఆయన చివరిదాకా మైదానానికి వస్తూనే ఉన్నాడు. నేను బయట కూర్చున్నాను." కోపంగా అనలేదు. సునిల్దా తల ఊపింది. ఇంటికి చేరేదాకా నా భుజం మీద వేసిన చెయ్యి తీయలేదు.

ఆ సీజను ఆమె ఆడించిన ఆటలు నేను మర్చిపోలేను. గ్యాలరీ ఎంత నిండితే ఆమె అంత నిటారుగా నడిచేది. జూలైలో రేవు మైదానంలో కొలోనియా జట్టుతో ఆట. గెలిస్తే రేవు వాళ్ళు పట్టికలో మొదటికి వస్తారు. ఒక గోలు ఆధిక్యంలో ఉన్నారు. ఎనభై ఆరో నిమిషంలో కొలోనియా వాళ్ళ బంగారు జుట్టు కుర్రాడు పెనాల్టీ బాక్సులో పడ్డాడు. సునిల్దా ఈల ఊది, చెయ్యి చాపి, పెనాల్టీ చుక్క చూపించింది. గోలు పడింది. ఒకటి ఒకటి.

మా మైదానం చుట్టూ పుల్లనారింజ చెట్లు. జూలైలో విరగకాస్తాయి. మొదటి కాయ నా వీపున తగిలింది. రెండోది కూడా నాకే. గ్యాలరీకి దగ్గర ఉండేది జెండావాడే కదా! ఉన్న ఇద్దరు పోలీసుల మధ్య ఒకటే డాలు. దాని కింద అయిదుగురం దూరి, వెనక గేటులోంచి బయటపడ్డాం. విల్‌ఫ్రీదో చెవిలో నారింజ రసం కారుతోంది.

"మా ఆవిడే నయం," అన్నాడు. "కాయలు విసిరినా ఒక్కొక్కటే విసురుతుంది."

సునిల్దా సంచిలోకి ఎలా వచ్చాయో తెలియదు, ఇంటికెళ్ళి తీస్తే నాలుగు కాయలున్నాయి. న్యా బ్లాసిదా వాటిని చూసి, "మంచి కాయలే. ఇంకో పది విసిరితే సీసా నిండేది," అని తొక్కలు ఉడకబెట్టి పాకం పట్టింది. ఆ పాకం మేమూ తిన్నాం.

రేవు పేట వాళ్ళు రెండు వారాలు నా సెలూన్‌కి రాలేదు. కానీ గురువారం చెట్టు కింద రిఫరీలందరూ లేచి నిలబడి ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు. మరుసటి వారం పెద్ద ఆట దోన్ క్రెసెన్సియో ఆమెకే ఇచ్చాడు. ఆ రోజుల్లో సునిల్దా ముఖం చూస్తే ఏదో కొత్త బట్టలు కట్టుకున్నట్టుండేది. ఆ మెరుపు చూసి నాకూ సంతోషమే వేసేది.

డిసెంబరులో, ఆటలు లేని నెలలో, ఏడాది లెక్క తీయడానికి కూర్చుంది. నమ్మకం కోసం వీడియోలన్నీ మొదటినుంచి మళ్ళీ చూసింది. మూడు వారాలు పట్టింది. తర్వాత నన్ను పిలిచింది.

"దోన్ తనీ, మళ్ళీ తప్పాను. ఈసారి రెండో వైపు."

ఆ సీజను ఫౌళ్ళ తప్పులు యాభై రెండు. సొంత జట్టుకి మేలు చేసినవి పదిహేడు, బయటి జట్టుకి ముప్పై అయిదు. నిండిన మైదానాల్లో బయటి వాళ్ళకి పదకొండు పెనాల్టీలు ఇచ్చింది. వాటిలో నిజమైనవి ఏడు.

"జూలైది?" అని అడిగాను.

ఆమె వీడియో పెట్టింది. బంగారు జుట్టు కుర్రాడు పరిగెత్తుతున్నాడు. రేవు వెనకాటగాడు పక్కన ఉన్నాడు, అంతే. ఎవడి కాలూ ఎవడికీ తగల్లేదు. కుర్రాడి కాలు తన రెండో కాలికే తగిలింది.

"ఆ మర్నాడు సోమవారం దీన్నే చూసి 'సరైనది' అని రాశాను," అంది. "ఇదే వీడియో, ఇవే కళ్ళు. అలాంటివి తొమ్మిది దొరికాయి. నాకు ఇష్టమైనట్టు రాసుకున్నాను."

"కావాలని రాయలేదుగా."

"రాయలేదు. అదే ఇబ్బంది. కావాలని రాస్తే మానేయొచ్చు."

మామిడిచెట్టు మీద చిలకలు గోల చేస్తున్నాయి. తర్వాత ఆమె అంది: "ఏడాదంతా నేను ఆట చూడలేదు దోన్ తనీ. నా గీత ఎటు పోతోందో చూసుకుంటూ ఊదాను."

ఈసారి ఎక్కడికీ వెళ్ళే పని పడలేదు. ఆ వారంలోనే రేవు జట్టు గోల్‌కీపర్ సింఫోరియానో నా కుర్చీలో కూర్చుని ఉండగా సునిల్దా లోపలికి వచ్చింది. అతని గడ్డం నిండా నురగ, మెడ మీద నా కత్తి.

"సింఫో, జూలైలో మీ మీద ఇచ్చిన పెనాల్టీ తప్పు. వాడు తనంతట తానే పడ్డాడు."

అతను లేవబోయాడు. "కదలకురా, కత్తి ఉంది!" అన్నాను. కళ్ళు మాత్రం అద్దంలో ఆమె వైపు తిప్పాడు.

"టీచరమ్మా, అయిదు నెలలుగా నేను అదే చెప్తున్నా! నోరు పోయేలా చెప్పాను. నువ్వే సరిగ్గా దూకలేదు అన్నారు అందరూ. మా ఇంట్లో కూడా నమ్మలేదు." దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికి తీసి ఫోను ఇచ్చాడు. "మా ఆవిడకి మీ నోటితో ఒక్కసారి చెప్పండి, పుణ్యముంటుంది."

ఆమె నిజంగానే ఫోను చేసి చెప్పింది. అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు గానీ సింఫోరియానో క్షవరం అయ్యేదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

కొత్త సీజనుకి ముందు ఆమె ల్యాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఊదే చెయ్యీ రాసే చెయ్యీ ఒకటి కాకూడదు. ఈ ఏడాది మీరు రాయండి. ఆఫ్‌సైడ్లు కూడా కలపండి. డిసెంబరు దాకా నాకు ఒక్క అంకె కూడా చెప్పొద్దు. అడిగినా చెప్పొద్దు."

నేను ఒప్పుకున్నాను. కష్టమని తెలియక ఒప్పుకున్నాను. సోమవారాలు సెలూన్ మూసేసి వీడియో ముందు కూర్చునేవాణ్ణి. మొదట్లో సరదాగానే ఉండేది. పక్కవాళ్ళ తప్పులు వెతకడం ఎవరికి చేదు? ఏప్రిల్లో ఒక ఆటలో ఆఫ్‌సైడ్ దగ్గరికొచ్చేసరికి వీడియో ఆపాను. జెండా ఎత్తింది నేను. ఎత్తకూడదు. బయటి జట్టు వాడు రెండడుగులు వెనకే ఉన్నాడు, గోలు ఖాయం. ఆ వరస రాయకుండా ముందుకి జరిపాను. తర్వాత రాద్దాంలే అనుకున్నాను. జూన్లో ఇంకొకటి. సెప్టెంబరులో ఇంకొకటి. వేటినీ రాయలేదు. నా ఒక్కడి చేతిలో ఉన్న లెక్క అది. అడిగేవాళ్ళు లేరు.

సునిల్దా ఆ ఏడాది మారిపోయింది. నిటారుగా నడవడం పోయింది. తల కొంచెం వంచి, పరిగెత్తే కాళ్ళ వైపే చూస్తూ, బంతికి దగ్గరగా ఉండేది. ఒక్కోసారి ఈల నోటిదాకా తెచ్చి ఆగిపోయేది. ఆటలు గొడవ లేకుండా అయిపోతుండేవి. "టీచరమ్మకి ఏమైంది, ఉన్నట్టే లేదు?" అని సెలూన్లో అనుకున్నారు.

డిసెంబరులో షీటు తెరిచాం. మొత్తం తప్పులు నలభై ఎనిమిది. సొంత జట్టుకి మేలు చేసినవి ఇరవై అయిదు, బయటి జట్టుకి ఇరవై మూడు. ఆమె ఆ రెండు అంకెలనీ వేలితో తాకి చూసింది, తడి ఆరిందో లేదో చూసినట్టు.

"నిజమేనా ఇది?"

నిజమే అనబోయాను. ఆమె కళ్ళల్లో అంత ఆశ చూసి నోరు రాలేదు. ఆ ఆశ కోసం అబద్ధం చెప్పేస్తే తర్వాత ఆ మనిషి ముఖం ఎలా చూడను?

"కాదు సూనీ. ఇంకో మూడున్నాయి. నేను రాయలేదు."

"ఎందుకు?"

"నావి. నా జెండా తప్పులు."

ఆమె మళ్ళీ షీటు వైపు తిరిగింది. "మూడూ ఒకే వైపా?"

"మూడూ ఒకే వైపే. సొంత మైదానం వైపు."

కోప్పడుతుందనుకున్నాను. కుర్చీ కొంచెం పక్కకి లాక్కుని నాకు చోటిచ్చింది. "ఎక్కించండి," అంది. నేను ఒక్కొక్కటే ఎక్కించాను. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు. ఇరవై ఎనిమిది, ఇరవై మూడు. ఆమె లేచి వెళ్ళి ఐసు, కూజా తెచ్చి, మొదటి కప్పు నాకే పోసింది.

"విల్‌ఫ్రీదోకి చెప్దాం, వచ్చే ఏడాది మీ జెండా సంగతి అతను రాస్తాడు," అంది.

"వాడు ఊరంతా చాటింపు వేస్తాడే!"

"వెయ్యనివ్వండి. అతనిది మీరు రాద్దురుగాని."

అలాగే చేశాం. వాడు చాటింపు వేశాడు కూడా. నా గీత ఎలా ఉండేదో ఇక్కడ రాయను. సెలూన్‌కి వస్తే చెప్తాను. సునిల్దా ఇంకో నాలుగేళ్ళు ఈల ఊదింది. ఆమె గీత ఒక ఏడాది అటూ ఒక ఏడాది ఇటూ ఊగుతూనే ఉంది. మునుపటంత ఎప్పుడూ ఊగలేదు, పూర్తిగా ఆగిందీ లేదు. నలభై అయిదు నిండగానే నిబంధన ప్రకారం దిగిపోయింది. అదే ఏడాది నా మోకాళ్ళు కూడా చాలన్నాయి. ఎలాదియో ఇప్పటికీ ఆడుతున్నాడు, పెద్దవాళ్ళ జట్టులో.

దోన్ క్రెసెన్సియో ఆ షీటుని చివరిదాకా మెచ్చుకోలేదు. పదవి దిగిపోతూ, గురువారం శిక్షణ ఎవరికివ్వాలి అంటే మాత్రం సునిల్దా పేరే చెప్పాడు. ఇప్పుడు చెట్టు కింద పదిమంది దాకా కొత్తవాళ్ళు కూర్చుంటున్నారు, అందులో నలుగురు ఆడపిల్లలు. ఎవరి ఆట వాళ్ళు రాసుకోకూడదు, పక్కవాళ్ళది రాయాలి. కొందరు రాస్తారు. కొందరు ఒకటి రెండు సోమవారాలు రాసి మానేస్తారు. మానేసినవాళ్ళని ఆమె ఏమీ అనదు.

మొన్న నేను అటు వెళ్ళేసరికి ఒక పిల్ల తన మొదటి గీత చూసుకుని ఏడుపుముఖంతో నిలబడి ఉంది. "టీచరమ్మా, ఇది మధ్యకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుంది?"

"నాకు తెలియదమ్మా," అంది సునిల్దా. "ఆదివారం నీ ఆట ఎన్నింటికి?"

"మూడున్నరకి."

"ఎండ గట్టిగా ఉంటుంది. నీళ్ళు ఎక్కువ తెచ్చుకో."